మూడు వారాలు చెప్పలేదు

అమెరికా మహిళల రగ్బీ జట్టుకి నేను ఆరేళ్ళు ఆడాను. అందులో రెండేళ్ళు ఇంగ్లాండులో ఒక క్లబ్బుకి జీతానికి కూడా ఆడాను. మేముండే నోవై ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ సంగతి చెబితే ముందు నా భుజాల వంక చూస్తారు, తర్వాత మా అమ్మ వంక చూస్తారు. మా నాన్న కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. ఎవరైనా అడిగితే, బంతితో ఆడే కబడ్డీ అనుకోండి అని చెప్పి ఊరుకునేవాడు. నేను పదకొండో ఏట ఒంగోలు నుంచి అమెరికా వచ్చాను. యూనివర్సిటీలో మొదటి సంవత్సరం, హాస్టల్ వెనక మైదానంలో కొందరు అమ్మాయిలు ఒకరినొకరు పడేసుకుని, చెయ్యిచ్చి లేపుకుని, నవ్వుకోవడం చూసి ఆగిపోయాను. మరుసటి రోజు వెళ్ళి నన్నూ చేర్చుకోమన్నాను. అక్కణ్ణుంచి మొదలైంది.

మావాళ్ళలో నాకు ఒక పేరుంది. తోటి అమ్మాయి తలకి దెబ్బ తగిలితే ధైర్యంగా డాక్టరుకి చెప్పి ఆమెని కాపాడిందని. ఆ పేరు నాకు రావలసింది కాదు. ఎలా వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

రగ్బీలో ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు భుజాలు కలిపి, వంగి, ఒకరినొకరు నెట్టుకునే ఘట్టం ఒకటుంది. దాన్ని స్క్రమ్ అంటారు. ముందు వరసలో మధ్యన ఉండేది హుకర్. బంతి పక్కగీత దాటి బయటికి పోయినప్పుడు దాన్ని గురి చూసి లోపలికి విసిరేదీ ఆమే. నేను హుకర్‌ని. నా స్నేహితురాలూ హుకరే. ఆమె యూటాలో పుట్టి పెరిగింది. తల్లిదండ్రులు టోంగా దీవుల నుంచి వచ్చినవాళ్ళు. జాతీయ జట్టు క్యాంపులో మా ఇద్దరికీ ఒకటే గది.

బంతి విసరడం నాకు సరిగ్గా నేర్పింది ఆమే. క్యాంపులో చేరిన కొత్తలో నా బంతి ఎప్పుడూ కుడివైపుకి తిరిగిపోయేది. రోజూ ప్రాక్టీసు అయ్యాక, స్నానం కూడా చెయ్యకుండా, ఆమె నన్ను పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళేది. దీపస్తంభం మీద రాసి ఉన్న అంకెకి బంతి తగిలేదాకా విసిరించేది. మోచేతులు దగ్గరికి తెచ్చుకో, ఊపిరి వదిలేశాక విసురు అని చెప్పేది. తన స్థానం కోసమే నేను పోటీ పడుతున్నానని ఆమెకి తెలుసు. అయినా నేర్పింది.

ఆ వసంతంలో జట్టు విదేశీ పర్యటనకి వెళ్ళాలి. ఇద్దరు హుకర్లకే చోటు. ఒకరు ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్న సీనియర్, ఆవిడ చోటు ఖాయం. రెండోది నేనా, నా స్నేహితురాలా అన్నదే మిగిలింది. మా ఇద్దరిలో ఎవరమూ అంతవరకు దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

మార్చిలో ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో ఎవరిదో మోకాలు ఆమె కణతకి తగిలింది. బంతి అప్పటికే అవతలి వైపుకి వెళ్ళిపోయింది. అందరి కళ్ళూ అటే ఉన్నాయి. నా వంతు ఇంకా రాలేదు కాబట్టి నేను గీత బయట నిలబడి ఉన్నాను. ఆమె నేల వంక చూస్తూ కొంతసేపు మోకాళ్ళ మీదా చేతుల మీదా ఉండిపోయి, ఆ తర్వాత లేచి పరుగెత్తింది. చూసింది నేనొక్కదాన్నే.

నాలుగు రోజుల తర్వాత మాకు చిన్న సెలవు ఇచ్చారు. అప్పుడే ఉగాది వచ్చింది. ఆమెని మా ఇంటికి తీసుకొచ్చాను. నోవైలో మంచు కరుగుతోంది, షాపుల ముందు పార్కింగ్ అంచుల్లో నల్లబడిన కుప్పలు మాత్రం మిగిలాయి. అమ్మ బొబ్బట్లు చేస్తానని పూర్ణం స్టవ్ మీద పెట్టి, ఒంగోలు నుంచి మా పిన్ని ఫోన్ వస్తే మాట్లాడుతూ మేడమీదకి వెళ్ళింది. నేను నాన్నతో కలిసి గరాజ్‌లో ఉన్నాను. నా స్నేహితురాలు వంటింట్లోనే, స్టవ్‌కి రెండడుగుల దూరంలో, గోడవైపు తిరిగి కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. మాడు వాసన గరాజ్‌లోకి వచ్చాక నేను లోపలికి పరుగెత్తాను. అమ్మ పైనుంచి దిగింది. పొగ అలారం మోగడం మొదలైంది. అప్పుడు గానీ ఆమె తల తిప్పలేదు. గిన్నెలో పూర్ణం నల్లగా బొగ్గయిపోయింది.

వాసన తెలియలేదా తల్లీ అని అమ్మ అడిగింది. జలుబు చేసిందాంటీ అని ఆమె నవ్వేసింది. ఆంటీ అనడం నేను నేర్పిందే.

నా గదిలోకి వచ్చి తలుపు వేశాక నిజం చెప్పింది. దెబ్బ తగిలినప్పటి నుంచి ముక్కుకి ఏ వాసనా తెలియడం లేదు. లైట్లు చూస్తే కళ్ళ వెనక నొప్పి. బంతి దూరం నుంచి వస్తుంటే ఒక్కోసారి రెండుగా కనిపిస్తోంది.

"రెండు వారాలు చాలు, తగ్గిపోతుంది. ఎవరికీ చెప్పకు," అంది.

"చెప్పను," అన్నాను.

తలకి దెబ్బ తగిలితే దాచకూడదని మాకు ప్రతి సీజన్ మొదట్లో పాఠం చెప్పేవారు. మొదటి దెబ్బ మానకముందు రెండోది తగిలితే ఏమవుతుందో బొమ్మలు వేసి చూపించేవారు. తోటి ఆటగత్తె దాస్తోందని తెలిస్తే డాక్టరుకి చెప్తామని కాగితం మీద సంతకాలు కూడా పెట్టాం. అదంతా నాకు గుర్తుంది. ఆమె కళ్ళు మూసుకుని నా మంచం మీద పడుకుని ఉంటే, కిటికీ తెర దించి నేను బయటికి వచ్చేశాను.

సాయంత్రం గిన్నెలు సర్దుతూ అమ్మ మళ్ళీ అడిగింది, ఆ పిల్లకి ఒంట్లో బాగానే ఉందా అని. ఎలర్జీ, ఈ సీజన్‌లో అందరికీ వస్తుంది అని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. అమ్మ నమ్మింది.

మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకోవచ్చు. మొదటి రెండు మూడు రోజులు అది నిజమే. క్యాంపుకి తిరిగి వెళ్ళాక ఇంకొకటి కూడా మనసులో చేరింది. ఆమె విసిరే బంతులు గురి తప్పడం మొదలైంది. మూరెడు పక్కకి పోయేవి. ఎందుకు పోతున్నాయో జట్టంతటికీ వింతగా ఉంది, నాకు తప్ప. ఆమె బంతి తప్పిన ప్రతిసారీ నా ఛాతీలో ఏదో తేలికపడేది. ఇలాగే ఇంకో వారం గడిస్తే కోచ్ తనంతట తానే నన్ను ఎంచుకుంటుంది, నేను ఎవరి మీదా ఏమీ చెప్పనక్కర్లేదు అనుకున్నాను. స్పష్టంగా, మాటల్లో, ఇలాగే అనుకున్నాను. గదికి వెళ్ళాక ఆమె కోసం లైట్లు ఆర్పేదాన్ని. నొప్పి ఎలా ఉందని అడిగేదాన్ని. ఆ అడగడం కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

మూడో వారం చివర్లో మమ్మల్ని రెండు జట్లుగా విడదీసి ఆడించారు. ఆమె అటు, నేను ఇటు. ఒక దశలో ఆమె బంతి పట్టుకుని నేరుగా నా మీదకే వచ్చింది. ఆడేవాళ్ళకి ఆ అర సెకనులో చాలా సమయం ఉంటుంది. నడుము పట్టుకుని నిలబెట్టి ఆపవచ్చు. కాళ్ళు లాగి మెత్తగా పక్కకి దించవచ్చు. లేదా భుజంతో కొట్టి వెనక్కి పడెయ్యవచ్చు. మూడూ ఆట నియమాల లోపలివే. గీత దగ్గర కోచ్ చేతిలో పుస్తకంతో నిలబడి ఉంది. నేను భుజంతో కొట్టాను.

ఆమె వెల్లకిలా పడింది. తల వెనక భాగం నేలకి తగిలిన చప్పుడు నాకు వినిపించింది. కోచ్ చప్పట్లు కొట్టింది. ఆమె లేచింది, ఆట ఆగలేదు. లేచాక రెండు మూడు అడుగులు మా జట్టు వైపు వేసి, తన జట్టు ఎటుందో వెతుక్కుని, వెనక్కి తిరిగింది. అదీ చూశాను. ఆ రోజూ చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, కోచ్ నన్ను తన గదికి పిలిచింది. బాగా కష్టపడ్డావు, వచ్చే ఏడాది నీది అని చెప్పింది. ఈసారి పర్యటనకి నా స్నేహితురాల్నే తీసుకెళ్తున్నామని, కొన్ని రోజులుగా ఆమె గురి తప్పినా, స్క్రమ్‌లో ఆమెకున్న అనుభవం కావాలని చెప్పింది. జాబితా మర్నాడు పొద్దున పెడతారు. థాంక్యూ చెప్పి బయటికి వచ్చాను.

బయట తాగునీటి కుళాయి దగ్గర కాసేపు నిలబడ్డాను. అక్కణ్ణుంచి జట్టు డాక్టరు గదికి ఒక వరండా దాటాలి, అంతే. గంట కూడా గడవకముందే ఆయన ముందు కూర్చుని ఉన్నాను.

"రెండు రోజుల నుంచి ఆమె నాకు తేడాగా కనిపిస్తోంది. భయంగా ఉంది," అన్నాను.

రెండు రోజుల నుంచి అన్నాను. మూడు వారాల నుంచి అనలేదు. మార్చిలో తగిలిన మోకాలు గురించి, మాడిన పూర్ణం గురించి ఒక్క మాట చెప్పలేదు. ఏడ్చాను కూడా. ఆయన నా భుజం తట్టి, ఇలా చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమెకి పరీక్షలు చేశారు. ఒక్కదానిలోనూ నెగ్గలేదు. మర్నాడు పెట్టిన జాబితాలో నా పేరుంది. తర్వాత పెద్ద ఆసుపత్రిలో స్పెషలిస్టులు చూసి, ఇక ఎప్పటికీ ఆడకూడదని చెప్పారు. ఆమె సామాను సర్దుకుంటుంటే నేను మంచం అంచున కూర్చుని ఉన్నాను. నా మీద అరుస్తుందనుకున్నాను. ఆమె వచ్చి నన్ను కావలించుకుంది. నేను చెప్పలేక నీ నెత్తిన పెట్టాను, నువ్వు చెప్పావు, థాంక్స్ అంది. ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

నా మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆఖరి ఇరవై నిమిషాలు ఆడాను. మొదటి మ్యాచ్ ఆడినవాళ్ళకి ఒక టోపీ ఇవ్వడం ఈ ఆటలో ఆచారం. అమ్మా నాన్నా సెలవు పెట్టి అంత దూరం వచ్చారు. టోపీ పెట్టుకుని వాళ్ళతో ఫోటో దిగాను. ఫోన్ తీస్తే ఆమె నుంచి మెసేజ్ ఉంది, చీకటి గదిలో రేడియోలో విన్నానని, నా బంతులన్నీ సూటిగా వెళ్ళాయట కదా అని.

ఆ తర్వాత నా పని బాగా సాగింది. మరుసటి ఏడాదికి నేనే మొదటి హుకర్‌ని. ఇంగ్లాండు క్లబ్బు పిలిచింది. అక్కడ వానలో, బురదలో రెండు సీజన్లు ఆడి, తిరిగి వచ్చాను. సెలవుల్లో హైస్కూళ్ళకి తీసుకెళ్ళి నన్ను మాట్లాడించేవారు. తోటివాళ్ళ కోసం నోరు విప్పండి అన్నది నా ప్రసంగం పేరు. చిన్నపిల్లలు చేతులెత్తి, మీ ఫ్రెండ్‌కి కోపం వచ్చిందా అని అడిగేవారు. రాలేదు, థాంక్స్ చెప్పింది అని జవాబు చెప్పేదాన్ని. అది నిజమే కాబట్టి సులువుగా చెప్పగలిగేదాన్ని. ఇంటికొచ్చాక ఒళ్ళు రుద్దుకుంటూ చాలాసేపు షవర్ కింద నిలబడేదాన్ని.

భుజం మూడోసారి ఆపరేషన్ అయ్యాక ఆడటం మానేశాను. ఆ ఏడాది మా ఊరి తెలుగువాళ్ళు ఒక ఆదివారం మధ్యాహ్నం, స్కూల్ ఆడిటోరియంలో, నాకు సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. రగ్బీ గురించి అక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు, అందుకని స్నేహితురాలి సంగతే ఎక్కువ చెప్పారు. అమ్మని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. అమ్మ జరీ చీర కట్టుకుని మైకు ముందు నిలబడింది. ఆ పిల్ల మా ఇంట్లో ఉగాదికి భోజనం చేసిందని, ఆ నెలలోనే దానికి దెబ్బ తగిలిందని, మా అమ్మాయి రెండు రోజుల్లోనే కనిపెట్టి చెప్పిందని గర్వంగా చెబుతోంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. నా వంక ఒకసారి చూసింది. అందరికీ నమస్కారం అని చెప్పి దిగిపోయింది. మైకు భయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

కారులో నాన్న డ్రైవ్ చేస్తున్నాడు. అమ్మ ముందు సీట్లో ఉంది.

"ఆ రోజు పూర్ణం మాడిపోతే దానికి వాసన తెలియలేదు కదే," అంది అమ్మ, వెనక్కి తిరగకుండా.

"అవునమ్మా."

"అది జలుబు కాదు."

"కాదు."

"నీకు అప్పటికే తెలుసా?"

"తెలుసు."

ఎన్ని రోజులకి చెప్పావని అడిగింది. మూడు వారాలకి అన్నాను. ఎందుకని అడిగింది. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. మొత్తం చెప్పాను. భుజంతో కొట్టిన సంగతి, కోచ్ పిలిచిన సంగతి, వరండా దాటిన సంగతి. నాన్న రేడియో గొంతు తగ్గించి, ఆ తర్వాత పూర్తిగా ఆపేశాడు.

"అంతమంది ముందు నాతో అబద్ధం చెప్పించావు," అంది అమ్మ. ఇంకాసేపటికి, "నేను నర్సుగా ఇరవై ఏళ్ళు చేశాను. నాకే తెలియాల్సింది. నువ్వు ఎలర్జీ అంటే ఊరుకున్నాను," అంది.

అమ్మ తప్పేమీ లేదని చెప్పబోయాను. మాట్లాడొద్దు అన్నట్టు చెయ్యి పైకెత్తింది. ఇంటి ముందు కారు ఆగాక, దిగేముందు ఒకే మాట అంది.

"ఆ పిల్లకి చెప్పు. ఫోన్‌లో కాదు. ఎదురుగా కూర్చుని చెప్పు."

ఆమె అప్పటికి పెళ్ళి చేసుకుని టెక్సస్‌లో ఫ్రిస్కోకి మారింది. ఎలిమెంటరీ స్కూల్లో సగం రోజు పని చేస్తుంది. పూర్తి రోజు చేస్తే తలనొప్పి వచ్చి మర్నాడు లేవలేదు. నేను వస్తున్నానంటే ఎంతో సంబరపడి, ఎయిర్‌పోర్టుకి తనే వస్తానంది. వద్దని చెప్పి కారు రెంట్ చేసుకుని వెళ్ళాను. వరసగా ఒకేలా ఉన్న కొత్త ఇళ్ళు, సన్నటి చెట్లు. తలుపు తీసి నన్ను నేల మీంచి ఎత్తేసింది. మూడేళ్ళ పాప ఆమె కాలు పట్టుకుని నిలబడి ఉంది.

వంటింట్లో కూర్చోబెట్టింది. గోడల మీద మూడు చోట్ల గ్యాస్ అలారాలున్నాయి. ఫ్రిజ్‌లోంచి పాల క్యాన్ తీసి మూత తిప్పి, పాప ముక్కు దగ్గర పెట్టి, బాగున్నాయా అని అడిగింది. పాప వాసన చూసి, బాగున్నాయని తల ఊపింది. అప్పుడు కాఫీ కప్పుల్లో పోసింది. వాళ్ళకది రోజూ చేసే పనే. నేను కాఫీ తాగలేకపోయాను.

పాప టీవీ ముందుకి వెళ్ళాక చెప్పాను. అమ్మకి చెప్పినట్టే, ఏదీ మినహాయించకుండా చెప్పాను. ఆమె బల్ల మీద అరచేతులు ఆనించి వింది.

"కోచ్ నీతో చెప్పకముందు డాక్టరు దగ్గరికి వెళ్ళావా, చెప్పాకా?"

"చెప్పాక."

"ఒకవేళ నిన్నే ఎంచుకుని ఉంటే?"

ఈ ప్రశ్నకి జవాబు దారి పొడుగునా తయారు చేసుకున్నాను. అక్కడ ఆ మాటలేవీ పనికి రాలేదు.

"చెప్పి ఉండేదాన్ని కాదనుకుంటాను," అన్నాను.

ఆమె లేచి వెళ్ళి సింక్ దగ్గర నిలబడింది. కుళాయి తిప్పలేదు, ఊరికే నిలబడింది. ఏడుస్తోందో లేదో నాకు కనిపించలేదు. ఇటు తిరిగినప్పుడు కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"చెప్పొద్దని నేనే అడిగాను. అది నా తప్పు, ఇంకెవరి మీదా వెయ్యను," అంది. "మిగతాది నీది. దాన్ని తగ్గించమని నన్ను అడక్కు."

అడగనన్నాను. క్షమించమని చెప్పాను. విన్నానంది. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు. కాసేపటికి, నేను నీకు థాంక్స్ చెప్పాను చూడు, దాని గురించే నాకు ఎక్కువ కోపంగా ఉంది, ఇన్నేళ్ళూ నువ్వు దాన్ని ఉంచుకున్నావు అంది. అది నిజం. ఉంచుకోవడమే కాదు, స్కూలు స్కూలుకీ తీసుకెళ్ళి చూపించాను.

పాపని నిద్రపుచ్చాలంది. రాత్రి భోజనానికి ఉండమని ముందురోజు మెసేజ్‌లో రాసింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తలుపు దాకా వచ్చింది. కావలించుకోలేదు. నేను కారు వెనక్కి తీస్తుంటే ఇంకా గుమ్మంలోనే ఉంది, పాపని ఎత్తుకుని.

తిరిగి వచ్చాక స్కూళ్ళ ప్రసంగాలు మానేస్తున్నానని, వాటిని ఏర్పాటు చేసేవాళ్ళకి రాసి పంపాను. ఎందుకని అడిగితే కారణం కూడా రాశాను. కొంతమంది పాత జట్టువాళ్ళకి అది తెలిసింది. ఒకరిద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఇప్పుడెందుకు తవ్వుతావు, చివరికి మంచే జరిగింది కదా అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాట వింటుంటే ఇంకా సిగ్గుగా ఉండేది. అమ్మ ఆ శాలువా ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. ఆ విషయం ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు. నాన్న మాత్రం ఒకరోజు బ్రేకుల గురించి ఏదో చెబుతూ, సగంలో ఆపి, నీకు నిద్ర పడుతోందా అని అడిగాడు. పడుతోందన్నాను.

ఎనిమిది నెలల పాటు ఆమె నుంచి ఏమీ రాలేదు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఈమెయిల్ వచ్చింది. పలకరింపు లేదు. కొత్త న్యూరాలజిస్టు మొదటి దెబ్బ ఏ రోజు తగిలిందో, ఎలా తగిలిందో, తర్వాత ఏ లక్షణాలు కనిపించాయో అడుగుతున్నాడని, పాత కాగితాల్లో రెండో దెబ్బ ఒక్కటే ఉందని, తనకి ఆ రోజులు సరిగ్గా గుర్తు లేవని, చూసినదానివి నువ్వే కాబట్టి రాసివ్వమని అడిగింది.

అప్పటికి నేను ఉద్యోగం చేస్తున్న ఆఫీసులో మీటింగ్ వదిలేసి రాయడానికి కూర్చున్నాను. మోకాలు ఏ వైపు కణతకి తగిలిందో రాశాను. ఎంతసేపు లేవలేదో రాశాను. మా వంటింట్లో జరిగింది, నా గదిలో ఆమె చెప్పింది, బంతులు గురి తప్పింది, నా భుజం, నేలకి తగిలిన తల, తప్పు దిక్కుకి వేసిన అడుగులు, అన్నీ తేదీల వారీగా రాశాను. తేదీలు వెతుక్కోనక్కర్లేకపోయింది. ప్రతి దాని పక్కనా, అప్పటికి నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు అని రాసి, కింద సంతకం పెట్టి పంపాను.

అందింది అని జవాబిచ్చింది. రెండు రోజుల తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది, ఆ రోజుల్లో తను నిద్రలో లేచి నడిచేదా అని. లేదు, కానీ పొద్దున లేవగానే నా పేరు గుర్తు తెచ్చుకోవడానికి కొంచెంసేపు పట్టేది అని రాశాను. దానికి జవాబు రాలేదు. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఆ నెలంతా మెయిల్ చూస్తూనే ఉన్నాను.